ఉప్పుకాగితంతో రుద్దిన కాళ్లు

మా అమ్మ చనిపోయిన ఎండాకాలమంతా మా పాప కాళ్లు కనబడకుండా లెగ్గింగులు వేసుకుని తిరిగింది. ఆళ్లగడ్డ ఎండలో ఊరికే కూర్చున్నా బట్ట ఒంటికి అంటుకుంటుంది. అయినా ఆ పిల్ల పడుకునేటప్పుడు కూడా వాటిని విప్పేది కాదు. నేను చూశాను. చూసి, ఉతకడానికి ఇంకో గుడ్డ ఎక్కువైంది అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

ఆ రోజుల్లో నాకు అన్నీ అట్లాగే ఉండేవి. అన్నం వండేదాన్ని, ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేది కాదు. ఆదివారం చర్చికి పోయి అందరితోపాటు పాడేదాన్ని, ఏం పాడామో ఇల్లు చేరేసరికి గుర్తుండేది కాదు. మా పుట్టిల్లు గడివేములలో అమ్మను మట్టి చేసిన రోజు మా చెల్లెలు నేల మీద పడి దొర్లి ఏడ్చింది. నేను వచ్చినవాళ్లకు టీ అందిందా లేదా అని గ్లాసులు చూసుకుంటూ తిరిగాను. పెద్దది గట్టి మనిషి అన్నారు. గట్టితనం కాదు అది. చలికాలం పొద్దున తొట్టి నీళ్లలో చాలాసేపు గుడ్డలు జాడిస్తే వేళ్లు ఉన్నాయో ఊడిపోయాయో తెలియదు చూడండి, అట్లాంటిది.

వేళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. నేను విగ్రహాలు చెక్కే షెడ్డులో పాలిష్ పని చేస్తాను. చెక్కడం మగవాళ్ల వంతు. వాళ్లు ఉలి దింపేశాక, నల్లరాయి మీద నీళ్లు పోసుకుంటూ ఉప్పుకాగితంతో రుద్ది నునుపు తేల్చడం మా వంతు. మొదట గరుకు కాగితం, తర్వాత సన్నది, ఆఖరికి గుడ్డలాంటిది. దేవుళ్ల చెంపలు, భుజాలు, పిక్కలు అన్నీ అట్లా మా చేతుల్లోనే నున్నబడతాయి. చర్చికి పోయేదానివి ఈ పనేమిటని ఇక్కడ ఎవరూ అడగరు. కూలి కూలే. రాయితోపాటు మా వేళ్లూ అరిగిపోతాయి. రేషన్ మిషను మీద బొటనవేలు పెడితే అది నన్ను ఒప్పుకోదు. "ఈ అక్క కొత్త వేలు మొలిపించుకొని వచ్చేదాకా మీరు రాండప్పా" అని బియ్యమిచ్చే అబ్బి వెనకాలవాళ్లను పిలుస్తాడు. అందుకే మేము నునుపును వేలితో చూడం. మణికట్టు లోపలి వైపు ఆనించి చూస్తాం. ఇంకా అనుమానం ఉంటే వంగి చెంప ఆనిస్తాం.

బడి తెరిచాక ఒక సాయంత్రం ఆటలు నేర్పే మేడం మా షెడ్డు ముందు స్కూటీ ఆపింది.

"ఏమ్మా, మీ పాప ఖోఖో ఆడనంటాంది. నీకి తెలుసా?"

"తెలీదు మేడం."

"నంద్యాలలో ఆటలుండాయి. ఆ పిల్ల లేచినంత బేగ మా టీములో ఎవురూ లేవరు. నిక్కరేసుకొని ఆడాల అని చెప్పినాను, ఆ పొద్దు నుంచి గ్రౌండుకే రాలే. సోమారానికి పేరు రాయకపోతే ఇంగో పిల్లని తీసుకుంటా. మళ్లా నన్ననొద్దు."

ఆ పిల్లకు ఖోఖో అంటే ప్రాణం. అంట్లు తోముతున్నా వంగి కూర్చున్న చోటు నుంచి ఒక్కసారిగా లేచి అటు తిరిగి, ఇటు తిరిగి, మళ్లీ కూర్చుని తోమేది. ఆరో తరగతికి వచ్చాక టీములోకి తీసుకున్నారని గడివేముల పోయి వాళ్ల అవ్వకు ఆడి చూపించింది. అవ్వ మంచం మీద కూర్చుని "ఖో" అంటే ఇది వాకిలంతా పరిగెత్తింది. అది నాకు బాగా గుర్తుంది.

ఇంటికి పోయి అడిగాను. "ఇష్టం ల్యా" అని చెప్పి గిన్నెలో అన్నం పెట్టుకుని అవతలికి పోయింది. సరే అన్నాను.

శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో తలస్నానాలు, ఆదివారం చర్చి ఉంటుంది కాబట్టి. పాప స్నానానికి పోయి తడిక తలుపు బిగించుకుంది. చాలాసేపటికి లోపల నుంచి పళ్ల సందున గాలి పీల్చుకున్న శబ్దం వినబడింది. నోటికి కారం తగిలితే పీల్చుకుంటాం, అట్లా. మళ్లీ వచ్చింది. తలుపు కొట్టాను.

"తీయ్."

"పోసుకుంటాండా."

"తీయ్ మే."

తీసింది. మోకాళ్ల కింద నుంచి చీలమండల దాకా రెండు కాళ్లూ తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. అక్కడక్కడ నెత్తురు చుక్కలు పొటమరించి నీళ్లతో కలిసి కారుతున్నాయి. చేతిలో నా పనిసంచిలోని ఉప్పుకాగితం ఉంది. గరుకుది.

"ఏందే ఇది?"

"ఏంలే."

"ఏంలేకుంటే నెత్తురు యాడిది?"

"వెంట్రుకలు పోవాల." కాగితాన్ని వెనక్కు దాచుకుంది. "నువ్వు రాయిని దీంతోనే గదా నున్నగ చేస్తాండేది. నేను నీళ్లు పోసుకొనే రుద్దినా. నీళ్లు పోస్తే గీరుకోదని నువ్వే చెప్పినావ్."

చెప్పాను. సెలవుల్లో షెడ్డుకు వచ్చి నా పక్కన కూర్చున్నప్పుడు రాయి గురించి చెప్పాను.

క్లాసులో పిల్లలు ఎలుగ్గొడ్డు అన్నారట. నిక్కరేసుకుంటే ఎలుగ్గొడ్డు ఖోఖో ఆడతాందని నంద్యాల జనమంతా టికెట్టు కొని వస్తారని అన్నారట. నుదుటి మీద వచ్చిన మొటిమలకు కూడా ఏదో చేసుకుంది. దగ్గరికి పోయి చూస్తే పళ్ల పేస్టు ఎండి పొక్కులు లేచింది. ఇదంతా ఏడవకుండా, లెక్క అప్పగించినట్లు చెప్పింది.

ఆ కాళ్లు చూస్తే ఏ తల్లికైనా ఏడుపు రావాలి, నాకు రాలేదు. నా చేతులు వాటి పని అవి చేశాయి. మంచి నీళ్లు పోశాను, మెత్తటి పాత గుడ్డతో అద్దాను, కొబ్బరినూనె రాశాను. మంటకు పాప నా భుజం పట్టుకుంది.

"ఇదంతా ఎవురికన్నా చెప్పొచ్చు గదా" అన్నాను.

"అవ్వ ఉంటే చెప్తాంటి."

"మరి నాకి?"

"నువ్వు ఊఁ అంటావ్. ఇనవు గదమ్మా."

ఊఁ అనబోయి ఆగాను.

నూనె సీసాకు మూత పెడుతుంటే పాపే అంది, "అవ్వ పంపిన సున్నిపిండి ఉండాది గదా. అది రుద్దితే మెల్లగ పోతాయంట." మా అమ్మ ప్రతి ఏడూ పెసలు, పసుపు, ఎండబెట్టిన నారింజ తొక్కలు విసిరి డబ్బాకెత్తి పంపేది. ఆఖరి డబ్బా అటక మీద అట్లాగే ఉంది. దించి మూత తీస్తే పిండి కదిలింది. పురుగు పట్టింది. ఇద్దరమూ చూశాం. పెరట్లో కుమ్మరించి డబ్బా కడిగి బోర్లించాను. మా అమ్మ చేత్తో విసిరిన పిండి అది అని నాకు తెలుసు. తెలియడం తెలిసింది, అంతే.

మరుసటి రోజు చర్చి కాగానే ఇద్దరమూ నంద్యాల బస్సెక్కాం. మా చెల్లెలు అక్కడ ఒక బ్యూటీ పార్లరులో పని చేస్తుంది. పాప లెగ్గింగు పైకి లాగి చూపించగానే చెల్లెలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఏమే, నువ్వేమన్నా బండవా? ఇంగ కొంచెం రుద్దింటే మీ అమ్మ నిన్ను గుడిలో నిలబెట్టి వచ్చేది." పాప నవ్వింది. తర్వాత చెల్లెలు నా వైపు తిరిగింది. "అక్కా, కండ్లు యాడ పెట్టుకొని తిరుగుతాండావ్?"

"దీనికి ఆ మైనం పూసి లాగుతారు గదా, అది చెయ్యి" అన్నాను.

"ఈ తోలుకా? దానికి దగ్గర గూడా పోను. ముందు మానాల. మానినాక గూడా ఇంత చిన్నపిల్లకు వద్దు. అంతగా అయితే కొత్త కత్తి కొనుక్కొని, సబ్బు నురగ బాగా పూసి, నొక్కకుండా గీయండి. కింద నుంచి పైకి. ఆ కత్తి దానికొక్కదానికే."

"కత్తి పెడితే మగోళ్లకు మాదిరి మందంగా మొలుచ్చాయని అమ్మ అంటాండె."

"అమ్మ శానా అంటాండె. కొస తెగింటాది గాబట్టి గరుగ్గ తగుల్తాది, అంతే. మందమూ లేదు, మన్నూ లేదు." తర్వాత పాప గడ్డం పట్టుకుని నుదురు చూసింది. "మొగానికి పొద్దున, మాపుటాల సబ్బు. అంతే. పేస్టు పండ్లకు, నిమ్మకాయ చారుకు. గిల్లినావంటే ఆ వేళ్లు ఇరుగుతాయి. ఇంగోటి ఇను. నా కాడికి వచ్చే పెండ్లికూతుర్లు ఎవురికీ వెంట్రుకలు లేకుండా ల్యా. నీకి తీయాలనిపిస్తే తీయ్, ల్యాకుంటే మానుకో. ఎలుగ్గొడ్డు అన్యోళ్ల కోసరం మాత్రం తీయాకు."

"మీసం?" అని పాప మెల్లగా అడిగింది.

"యాడే? నాకి కనపళ్లే. అద్దానికి ముక్కు ఆనించి చూసుకుంటే అందరికీ ఉంటాది."

మేము బయలుదేరేటప్పుడు చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "అమ్మ పోయినప్పట్నుంచి నాకి ఒక్క ఫోన్ గూడా చేయలే నువ్వు" అని ఏడ్చింది. నేను అద్దం చుట్టూ వెలుగుతున్న బల్బులు చూస్తూ నిలబడ్డాను. ఒకటి మాడిపోయింది.

బస్సులో పాప అడిగింది. "రేపు మేడంకు ఏం చెప్పాల?"

"ఆడాలని ఉండాదా?"

"ఉండాది. కాళ్లు?"

"ఆటలు వచ్చేలోపల మానుతాయి. మానినాక నేను చేస్తా."

"ఊఁ అని మర్సిపోవు గదా?"

"మర్సిపోను."

ఆ మాట మీదే అది సోమవారం పేరు రాయించుకుంది. పక్కు కట్టి రాలిపోయేదాకా రోజూ నూనె రాసింది. తోలు మానింది కానీ గీతలు గీతలుగా నల్లబడింది. నేను కత్తి కొని తెచ్చి సబ్బుపెట్టె పక్కన పెట్టాను, కనబడకపోతే మరిచిపోతానని.

ఆటల ముందు శనివారం నేను పీట వేసుకుని కూర్చున్నాను. పాప నా మోకాలి మీద పాదం పెట్టింది. నురగ పూశాను. కత్తి పట్టుకున్నాక నాకు భయం వేయాలి, అదీ వేయలేదు. అయితే నా చేతికి నొక్కడమే అలవాటు. రాయికి నొక్కితేనే నునుపు. అందుకని మణికట్టును దాని కాలి మీద ఆనించి పెట్టుకుని, వేళ్లను వదులు చేసి, కింద నుంచి పైకి ఒక్కో గీత గీశాను. ప్రతి గీతకూ కత్తిని చెంబులో ముంచాను. నురగతోపాటు నల్లటి నూగు నీళ్ల మీద తేలింది.

ఒక కాలు అయ్యాక నిమిరి చూశాను. ఇంకా ఉన్నాయో లేదో వేళ్లకు తెలియలేదు. మణికట్టు అప్పటికే నానిపోయి ఉంది. వంగి చెంప ఆనించాను.

"అమా, ఏం చేస్తాండావ్?"

"చూస్తాండా."

"చెంపతోనా?"

"షెడ్డులో అట్లే చూస్తాం."

"అయితే నేను దేవుణ్ణా?"

"దేవుడైతే ఇంత గులగుల చెయ్యడు. కదలకుండా నిలబడతాడు."

అది గట్టిగా నవ్వింది, కాలు కదిలింది. చెంపకు నునుపు తగిలింది, తడి తగిలింది. రాయికీ పిల్లకూ నాకు తేడా తెలియలేదు. అయిపోయిందని మాత్రం తెలిసింది. లేచాను.

"ఇంగో కాలు నేనే గీసుకుంటా" అని కత్తి లాక్కుంది. చీలమండ దగ్గర కొంచెం తెగింది. అది నా వైపు చూసింది. నేను కత్తి అడగలేదు. గుడ్డ అందించాను.

మా ఆయన నంద్యాల రైస్ మిల్లులో లారీ తోలుతాడు, ఆదివారాలే ఇంట్లో ఉంటాడు. పొద్దున సబ్బుపెట్టె పక్కన గులాబి రంగు కత్తి చూసి, "ఇదేందీ, నాకా?" అన్నాడు. చెప్పాను. "ఓ" అని దాన్ని ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టాడు. తన కత్తిని, బ్రష్షును తీసి కిటికీ గూట్లో పెట్టుకున్నాడు. ఇప్పటికీ అవి అక్కడే ఉంటాయి.

ఆటలు బుధవారం. నేను సెలవు అడిగి పోయాను. గ్రౌండు నిండా నిక్కర్లు వేసుకున్న ఆడపిల్లలు. నేను ఒక్కొక్కరి కాళ్లే చూస్తూ కూర్చున్నాను. దోమకాటు మచ్చలు, సైలెన్సరు కాలిన మచ్చలు, నూగు వెంట్రుకలు, నల్లటి మోకాళ్లు. నేను తప్ప ఎవరూ చూడటం లేదు. వెంట్రుకలు ఉన్నా అంత దూరానికి కనబడేవి కావేమో కానీ, మా పాప కాళ్ల మీది నల్ల గీతలు మాత్రం నేను కూర్చున్న చోటికి కూడా కనబడుతున్నాయి.

వేరే ఊరి టీము పిల్ల ఒకటి నీళ్ల కోసం మా పక్కకు వచ్చి, "ఏమ్మే, ఏం తగిల్నాది?" అని అడిగింది. పాప నా వైపు చూసింది. తర్వాత ఆ పిల్లతో, "రాయికి రుద్దే ఉప్పుకాగితంతో నేనే రుద్దుకున్యా" అంది.

"థూ! ఎందుకూ?"

"వెంట్రుకలకు."

ఆ పిల్ల సాక్సు కిందికి తోసి పిక్క చూపించింది. "నేను మా నాయన కత్తితో గీసుకున్యా, సూడు ఎంత లోతో. వారం కుంటినా." ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలి నవ్వారు. తర్వాత విజిల్ వేస్తే అవతలికి ఒకరు, ఇవతలికి ఒకరు పరిగెత్తారు.

మా పాప వరుసలో కూర్చుంది. వీపు మీద తట్టి "ఖో" అనగానే లేచింది. మేడం చెప్పినట్లే, అంత బేగ ఎవరూ లేవలేదు. మొదటి ఆట గెలిచారు, రెండోది ఓడిపోయారు. పిల్లలందరూ ఏడ్చారు, ఇదీ ఏడ్చింది.

తిరుగు బస్సులో నిక్కరు మార్చుకోకుండానే సీటులో ఒరిగి, కాళ్లు నా ఒళ్లో వేసి నిద్రపోయింది. కాళ్లనిండా గ్రౌండు దుమ్ము. దులపబోయి, అలవాటుకొద్దీ మణికట్టు దాని కాలి మీద ఆనించాను. చిన్నగా గుచ్చుకుంది. తీసి, ఇంకోచోట ఆనించాను. అక్కడా గుచ్చుకుంది. మొలుస్తున్నాయి. మళ్లీ గీయాలో వద్దో లేచాక దాన్నే అడగాలి అనుకున్నాను.

శిరివెళ్ల ఊరు దాటాం. ఆళ్లగడ్డ వచ్చేదాకా చెయ్యి తీయలేదు. బస్సు కుదిపినప్పుడల్లా గుచ్చుకుంటూనే ఉంది.