గోడ వైపు తిరిగి విన్న వాక్యం

మాచర్ల పక్కన మా ఊళ్లో ఏసయ్య గుడి ఉంది గానీ, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పాస్టరు అయ్యగారు జబ్బుపడి నరసరావుపేట వెళ్లిపోయాక వాక్యం చెప్పే దిక్కు లేకపోయింది. సంఘపెద్ద దేవానందం ఓ ఆదివారం తనే వేదిక ఎక్కాడు. నోవహు ఓడ దగ్గర మొదలుపెట్టి తన ఎద్దుకొచ్చిన గాలికుంటు రోగం దగ్గర తేలాడు.

ఇక మిగిలింది హన్నమ్మ. చిన్నవయసులోనే భర్త పోయిన మనిషి, మిషను బడిలో చదువుకుంది. ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని ఆమె వాక్యం చెబుతుంటే మగవాళ్లు కిటికీల దగ్గర మూగేవాళ్లు. అలాగని లోపలికి రారు. ఆడది మగవాళ్లకు బోధించకూడదని బైబిల్లో పౌలు గారు రాశారాయె! పెద్దలు తర్జనభర్జన పడ్డారు. చివరికి దేవానందం తేల్చాడు.

"ఆమె ఆడోళ్లకే చెప్పిద్ది. మనం గోడ తట్టు తిరిగి కూర్చుందాం. చెవిన పడితే మన తప్పేంది?"

అంతే. మేం ఆడవాళ్లం చాపల మీద ఆమెకు ఎదురుగా, మగవాళ్లు వరుసగా నాపరాతి గోడకు ముఖాలు పెట్టి. నవ్వొస్తే వీపులు కదిలేవి. గోడ దగ్గర చోటు దొరకనివాడు ముఖాన తువ్వాలు కప్పుకునేవాడు. ఎంత బుద్ధిమంతులో!

"వీపుల్ని చూసి ఏం తెలుస్తది కృపామణక్కా?" అని హన్నమ్మ మా అమ్మ దగ్గర వాపోయేది. "నా వాక్యం ఆళ్లకు అందుతుందో లేదో. ఒక్క మనిషి నన్ను చూస్తా వింటే చాలు." ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ మగవాళ్ల మీద ఒళ్లు మండేది.

యుద్ధం అయిపోయాక కొత్త అయ్యగారు వచ్చాడు. వేదిక ఎక్కి చూస్తే అన్నీ వీపులే. అలవాటైపోయింది మరి! "ఇటు తిరగండి" అని ఆయన కేకలేస్తే తిరిగారు, కాసేపటికే గురకలు పెట్టారు. అయినా వేదిక ఆయనదే. హన్నమ్మకు చాపలు పరిచే పని మిగిలింది.

ఆ ఎండాకాలం దేవానందం మంచాన పడ్డాడు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తే కళ్లు కూడా తెరవలేదు. ఆయన వెళ్లాక, "హన్నమ్మను పిలవండ్రా" అన్నాడు.

హన్నమ్మ గడపలో కాలు పెట్టగానే కొడుకులిద్దరూ తండ్రిని మర్యాదగా గోడ వైపు ఒత్తిగిలబెట్టారు.

"ఒరేయ్, ఇటు తిప్పండ్రా నన్ను!"

తిప్పారు. హన్నమ్మ నోరు తెరిచింది. ఎదురుగా రెండు కళ్లు తననే చూస్తున్నాయి. అన్నేళ్లు తడబడకుండా చెప్పిన మనిషి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"మామా, కాస్త అటు తిరుగు. చెబుతా."

"తిరగను. ఇన్నేళ్లూ చానా తప్పు చేశా. ఇయ్యాల చూస్తా వింటా, చెప్పు."

హన్నమ్మ ఏడుస్తూనే చెప్పింది. ముసలాయన రెప్ప వేయకుండా విన్నాడు. కొడుకులిద్దరూ మాత్రం గోడ వైపు తిరిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు.