ధనరాజు తోసేసిన కంచం

ఉప్పలగుప్తం చుట్టుపక్కల తోటల్లో ధనరాజు ఇరవై ఏళ్ళు కొబ్బరి దింపు తీశాడు. చెట్టెక్కి కాయలు కోసి దింపడమే అతని పని. అంతటితో ఊరుకునేవాడు కాదు. ఎండుమట్టలు నరికి, చెట్టు తలలోని లేత మొవ్వులో దూరిన కొమ్ముపురుగును ఇనుప చువ్వతో లాగి పారేశాకే దిగేవాడు.

"అదంతా నీకెవరు చెప్పేరురా? అంత పైన ఎవడు చూడొచ్చేడు?" అనేవారు తోట ఆసామి సత్యనారాయణమూర్తిగారు.

"తోట తమరిదేనండి. పని మాత్రం ప్రభువుదండి, ఆయ్," అనేవాడు ధనరాజు.

చర్చిలో కంటే చెట్టు మీదే అతనికి దేవుడు దగ్గరగా తోచేవాడు. పని చేయనివాడికి ముద్ద మింగే హక్కు లేదని గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకం ఇంట్లోవాళ్ళకు బరువుగానే ఉండేది.

తొంభై ఆరు నవంబరు తుఫానుకి తోటలు నేలమట్టమయ్యాయి. మూడోరోజు లారీలో పులిహోర పొట్లాలు వచ్చాయి. పేటంతా పరుగెత్తింది. ధనరాజు మాత్రం భార్య ఇందిరను కదలనివ్వలేదు. "ఊరికే తినకూడదు. పని చేసి తెస్తాను," అని గొడ్డలి పట్టుకుని, రోడ్డుకి అడ్డంగా పడిన చెట్లు నరకడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి లారీ లేదు. నాలుగేళ్ళ కూతురు ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

రెండువేల నాలుగు వానాకాలంలో, పాచి పట్టిన చెట్టు మీంచి ధనరాజు జారిపడ్డాడు. కాకినాడ ఆసుపత్రిలో రెండు నెలలుంచుకుని, నడుము కింద చచ్చుబడిపోయిందని ఇంటికి పంపేశారు. ఇందిర కొబ్బరికాయల ఒలుపుకి కుదిరింది. నేలలో పాతిన గునపానికి కాయను గుచ్చి పీచు ఊడదీయాలి, పొద్దున్నించి సాయంత్రం దాకా.

ఆమె కూలికెళ్ళొచ్చి వండిన అన్నాన్ని ధనరాజు తోసేశాడు. రెండోరోజూ అంతే. పాస్టరుగారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"ఇప్పుడు నీ పని ప్రార్థనేనయ్యా, ధనరాజూ."

"ప్రార్థన చెట్టెక్కుతా చేసేవోణ్ణండి. మంచం మీద నాకది రావట్లేదండి."

ఆయన లేచి వెళ్ళిపోయారు.

మూడోరోజు ఇందిర కంచం పెట్టి, అతని ముందు రెండు అరచేతులూ చాపింది. పీచుకి కోసుకుపోయి నెత్తురు చారలు కట్టి ఉన్నాయి.

"తుఫానప్పుడు పిల్ల ఆకలికేడిస్తే నీ పనే నీకు గొప్పయ్యింది. నోరు మూసుకున్నాను. నువ్వు చేసిందే ప్రభువు పనా? నేను చేసేది కాదా? చెప్పు!"

ధనరాజు ఆ చేతుల వంక చూశాడు. "ఆవేళ పిల్లని ఆకలితో ఉంచేసేను," అన్నాడు. ఏడుస్తూనే తిన్నాడు.

ఆ సాయంత్రం నుంచి ఆమె చేతులకు నూనె రాయడం తన పనిగా పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి మంచాన పడి ఉండడం వల్ల వీపు మీద లేచిన పుళ్ళు పెద్దవయ్యాయి, జ్వరాలు మొదలయ్యాయి. చివరికి నీరసంతో తన చేతులు కూడా లేచేవి కావు. దేవుడు తనని ఇలా ఎందుకు పడేశాడో తెలియడం లేదని ఇందిరతో అన్నాడు. ఆమె అతని చేతులకు నూనె రాసింది.

రెండువేల ఆరు ఆగస్టులో పోయాడు. సమాధికి తవ్విన గొయ్యిలో నీళ్ళు ఊరాయి. నలుగురు బకెట్లతో తోడుతుంటే పాస్టరుగారు ప్రార్థన తొందరగా ముగించారు.

నాలుగోరోజు ఇందిర ఒలుపుకి బయల్దేరితే, కూతురు బడి మానేసి వెంటపడింది. "నేనూ వస్తానమ్మా. ఇద్దరం ఒలుద్దాం."

"నీ పని అది కాదు. పుస్తకాలట్టుకెళ్ళు," అంది ఇందిర. పిల్ల బడి దారి పట్టేదాకా గుమ్మంలోనే నిలబడి, తర్వాత తోట వైపు నడిచింది.