గెట్ పద్యం

రెజైనా అనే మంచు ఊళ్ళో మాస్టర్స్ చదివే రోజుల్లో నాకు చలికోటు పల్చన, ఇంగ్లీషు మీద నమ్మకం మాత్రం మహా మందం. ఆ నమ్మకానికి బలైనవాడు మా బేస్‌మెంట్‌లో పక్క గదిలో ఉండే పెద్దాయన, ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంవాడు. మేం ఫ్రెంచి బాబాయ్ అనేవాళ్ళం. భార్య విడిపోయి కూతుర్ని తీసుకుని రెజైనా వచ్చేస్తే, ఆదివారాలైనా పిల్లని చూసుకోవచ్చని ఆయనా వెనకే వచ్చాడు. ఇక్కడ బస్సు డ్రైవరు ఉద్యోగం దొరికితే ఉంటాడు, లేకపోతే తిరుగు ప్రయాణమే. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. ఆయన భయమంతా 'గెట్' అనే ఒక్క మాట మీదే. అది నేర్పమని నా దగ్గరికొచ్చి, నన్ను 'ప్రొఫెసర్' అని పిలవడం మొదలెట్టాడు.

"ప్రొఫెసర్, మా భాషలో ఒక్కో పనికి ఒక్కో మాట ఉంటుంది. లేవడానికీ అదే, ఎక్కడానికీ అదే, జబ్బు చెయ్యడానికీ అదేనా? మీ ఇంగ్లీషు వాళ్ళకి మాటలు కరువా?" అన్నాడొకరోజు. (మీ ఇంగ్లీషు వాళ్ళు! తెలుగు మీడియంలో చదివిన నేను గాల్లో తేలిపోయాను.)

నాకు చదువంటే తెలిసింది ఒకటే, బట్టీ పట్టడం. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఆఫ్, గెట్ సిక్, గెట్ వెల్, గెట్ మ్యారీడ్, గెట్ డివోర్స్‌డ్... వరసగా పేర్చి, ఎక్కాల్లాగా రాగం తీసి అప్పజెప్పించాను. రొట్టె కాల్చుకుంటూ, మంచు ఎత్తిపోస్తూ బాబాయ్ అదే పాడేవాడు. ఎటొచ్చీ 'గెట్ మ్యారీడ్' దాకా వచ్చి రోజూ ఆగిపోయేవాడు. "మళ్ళీ మొదట్నించీ!" అని గద్దించేవాణ్ణి.

మా రూమ్మేట్ వరంగల్ అన్న చూడలేక, "ఏంది రా బై, పెద్దాయన్ని గట్ల సతాయిస్తవ్? ఆ ఒక్క ముక్క తీసెయ్" అన్నాడు.

"సిలబస్‌లో ఉన్నది తీసెయ్యకూడదన్నా" అన్నాను. అంత తెలివి నాది.

ఇంటర్వ్యూ రోజు తోడు వెళ్ళి తలుపు బయట కూర్చున్నాను. లోపల ఇంటర్వ్యూ చేసే ఆవిడ ఏమడిగిందో గానీ, బాబాయ్ కంగారులో రాగం అందుకున్నాడు. గెట్ అప్, గెట్ ఆన్... గెట్ మ్యారీడ్. ఆగిపోయాడు. మా ఊళ్ళో పరీక్ష హాలు కిటికీ బయటనుంచి స్నేహితులకి జవాబులు అందించిన ప్రాణం కదా, ఆగలేదు. తలుపు సందులోంచి "గెట్ డివోర్స్‌డ్!" అని గట్టిగా అందించాను.

తలుపు తెరుచుకుంది. ఆవిడ నన్నూ బాబాయినీ మార్చి మార్చి చూసింది. బాబాయ్ చెమట తుడుచుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో, "అవును, అదే జరిగింది. నా కూతురు ఇక్కడుంది. అందుకే ఈ ఉద్యోగం" అన్నాడు. ఆవిడ నా మొహం మీదే తలుపు వేసింది. తర్వాత చాలాసేపు లోపలినుంచి బాబాయ్ గొంతే వినిపించింది. కూతురి గురించి తప్పులతడకగా, ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. ఉద్యోగం ఇచ్చారు. బయటికొచ్చి నన్ను తిట్టలేదు, గట్టిగా కావలించుకున్నాడు. అదంతా నా బోధన మహిమేనని వారం రోజులు చెప్పుకు తిరిగాను.

ఇప్పుడు మిల్టన్ అనే వేరే ఊళ్ళో ఉంటున్నాను, నాకూ ఒక కూతురుంది. మొన్న స్కూలు క్యాంపుకని మూడు రోజులు వెళితే ఇంట్లో కాలు నిలవలేదు. తన గది ముందు నిలబడి, ఆ రోజుల్లో నడుము మీద చేతులేసుకుని "మళ్ళీ మొదట్నించీ!" అని అరిచిన ఆ ప్రొఫెసర్ని తలుచుకున్నాను. నవ్వొచ్చింది. పాపం, వాడికి ఇంగ్లీషు ఒక్కటే వచ్చు.