దాదాపు బావగారు

మా బావగారు ఏ విషయాన్నీ తేల్చి చెప్పరు. "దాదాపు" అని తగిలించనిదే ఆయన నోట వాక్యం బయటికి రాదు. పెళ్లికి ముందు మా నాన్న "అమ్మాయి నచ్చిందా బాబూ?" అంటే, "దాదాపు నచ్చిందండీ" అన్నారట. మా అక్క ఆ మాట ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఈ జబ్బు ఆయనకు గణితం వల్ల పట్టుకుంది. దాదాపు ఆవర్తన ప్రమేయాలు ఆయన చదువు. అంటే, గీసిన గీత మళ్లీ మళ్లీ అవే వంపులు తిరుగుతుంది గానీ ఏ రెండుసార్లూ అచ్చం ఒకేలా తిరగదు. అక్కతో కాపురం చేస్తే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుందని ఆయన వాదన. ఆయనతో ఒకే కాలేజీలో పాఠాలు చెబుతూ ఒకే గదిలో కూర్చునే ఖర్మ నాది.

"బావగారూ, ఐదింటి బస్సు ఇవాళ అసలు రాలేదు!"

"ఒక్కరోజు రాకపోతే బస్సును వెలివేస్తామా? సగటు తీసి చూడు, దాదాపు వస్తోంది."

ఆ సగటు బస్సు నన్ను ఇంటికి చేర్చదు కదా! ఆటో ఎక్కాను.

ఆయన జీవితంలో "దాదాపు" అంటని వస్తువు ఒకే ఒక్కటి. అది ఏ గీత దాదాపు ఆవర్తనమో తేల్చే బావగారి నిర్వచనం. వయసులో ఉండగా కనిపెట్టారు, పాఠ్యపుస్తకాలకెక్కింది. గీతకూ, దాని తర్వాతి విడతకూ తేడా ప్రతి బిందువు దగ్గరా చిన్నదిగానే ఉండాలి. "ఇందులో వెంట్రుకవాసి కదపడానికి వీల్లేదు" అని మీసం దువ్వేవారు.

ఆయన దగ్గర ఓ అమ్మాయి డాక్టరేటు చేసింది. పట్టా చేతికొస్తేనే ఉద్యోగమని ఓ కాలేజీవాళ్లు అన్నారు. ఆ నిర్వచనానికి సరిపోయే ప్రమేయం నుంచి మరోదాన్ని పుట్టిస్తే, అదీ ఆ కుటుంబంలోనే ఉంటుందని ఆమె సిద్ధాంతం. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దాయన చాక్‌పీసు తీసుకుని, అలా పుట్టినదాన్నే ఒకటి, బోర్డు మీద ఆమె రాసిపెట్టిన బావగారి నిర్వచనం కిందే గీశారు. అక్కడక్కడా సూదుల్లాంటి మొనలు, సన్నగా, నిటారుగా లేచాయి.

"ఈ మొనల దగ్గర తేడా చిన్నదా అమ్మా?"

అమ్మాయి మొహం పాలిపోయింది. సిద్ధాంతం కూలింది. వెనక బెంచీలో ఉన్న నేను ముందుకు జరిగి కూర్చున్నాను.

బావగారు లేచారు. "అమ్మాయి తప్పేం లేదండీ. నా నిర్వచనమే ఇరుకు."

నేను నోరెళ్లబెట్టాను. "బావగారూ!"

"నువ్వూరుకో. మనిషి పట్టకపోతే ఇల్లు పెంచుకోమూ?" అంటూ బోర్డు మీదున్న తన నిర్వచనాన్ని అరచేత్తో తుడిచేశారు. "అమ్మా, ప్రతి బిందువునూ పట్టుకుని వేలాడకు. కాస్త దూరం మేర తేడా సగటు తీసుకో. మొనలు ఎత్తే గానీ లావు లేవుగా?"

ఆమె కళ్లు తుడుచుకుని రాయడం మొదలుపెట్టింది. పెద్దాయన అడుగడుక్కీ ఆపారు. ఆమె అడుగడుక్కీ జవాబు చెప్పింది. చివరికి ఆయనే చాక్‌పీసు కింద పెట్టేశారు.

"నిలబడింది. ఈ కొత్త నిర్వచనాన్ని ఏమని పిలవాలి?"

"ఇంకేముంది, అమ్మాయి పేరే" అన్నారు బావగారు.

"మరి మీది?"

"దానికేం ఢోకా లేదండీ. ఇందులోనే ఓ మూల పడుంటుంది."

ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిపోయింది. కొత్త పుస్తకాల్లో బావగారు చిన్న అక్షరాల్లోకి జారిపోయారు. ఆ పేజీని ఆయన కాలేజీలో ప్యూనుతో సహా అందరికీ చూపించి వచ్చారు. పెద్ద అక్షరాల్లో ఉన్నది తన శిష్యురాలట.