రూలుకి సరిపోయిన రీడింగు

చుట్టుపక్కల అందరూ ఆవిడని అనుమానం అక్క అంటారు. తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసే మనిషి. "మా ఆవిడ కూరలో ఉప్పు కూడా మీటరు పెట్టి చూస్తుంది" అని టైలరు భర్త వేళాకోళమాడతాడు. కరెంటు పనికి లైసెన్సున్నవాళ్లు ఆ పక్క ముగ్గురే. వాళ్లలో ఆడమనిషి ఆవిడొక్కతే.

ఆ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. లైసెన్సొచ్చిన కొత్తలో, తెలిసినవాళ్లు అడిగారని, చూడని పనికి సంతకం పెట్టింది. నెల తిరక్కుండా ఆ ఇంటి ముసలావిడ వాషింగ్ మెషీన్ మీద చెయ్యేసి షాకు తింది. ప్రాణం దక్కింది గానీ రెండు వేళ్లకి స్పర్శ పోయింది. ఎవరూ ఈవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఈవిడకి ముల్లులా దిగింది.

మరిదికి స్క్రూడ్రైవరు పట్టడం నేర్పింది ఈవిడే. చెయ్యి మంచిది, పని చకచకా లాగించేస్తాడు. లైసెన్సు పరీక్షకి మాత్రం రెండుసార్లు దరఖాస్తు పెట్టి ఒక్కసారీ వెళ్లలేదు. అలాంటివాడు ఒక డేకేర్‌కి వైరింగంతా చేసి, గోడలు మూయించి, రంగులు కూడా వేయించేశాక వచ్చాడు.

"వదినా, సోమవారం ఇన్‌స్పెక్షను. నీ సంతకం ఒక్కటి కావాలి."

"గోడలు మూసేశాక పిలుస్తావా?"

"నా పని నీకు తెలీదా ఏంటి!"

తెలుసు. తెలుసు కాబట్టే కాదనలేక శనివారం పొద్దున్నే మెగ్గర్ సంచిలో వేసుకుని వెళ్లింది. వైరు పైతొడుగులోంచి కరెంటు కారుతోందేమో చెప్పే మీటరది, అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. బోర్డులు పొందిగ్గా ఉన్నాయి, స్క్రూలన్నీ బిగువుగా ఉన్నాయి. ఒక్కో లైను పరీక్షిస్తుంటే రెండొందలు, రెండొందల పది, నూట తొంభై చూపిస్తోంది. లోపల్లోపల గర్వంగా కూడా అనిపించింది. పిల్లలు చేతులు కడుక్కునే గది లైను దగ్గర ముల్లు మూడు మీద ఆగింది.

ఒకటి దాటితే చాలని రూలు. మూడంటే పాసే. మళ్లీ పెట్టింది. మళ్లీ మూడే.

"కొత్త గోడ కదా వదినా, తడి ఆరలేదు" అన్నాడు మరిది.

"మిగతా గోడలేమైనా పాతవా?"

"షాకు కొడితే ట్రిప్పరు పడి కరెంటు ఆగిపోతుందిగా!"

"పడాల్సిన రోజు పడకపోతే?"

అతను నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. ఆ గదిలో కుళాయిలు మోకాలెత్తులో ఉన్నాయి. "ఈ గోడలో ఎక్కడైనా వైరుకి జాయింటు వేశావా?" అని అడిగింది.

"లేదు" అన్నాడు. వెంటనే అనలేదు. కాస్త ఆగి అన్నాడు.

ఆ కాస్త ఆగడమే ఇంటిదాకా వెంటబడింది. బల్లమీద ఫారం పరిచి కూర్చుంది. "ఈ పని నేను చేశాను, లేదా నా పర్యవేక్షణలో జరిగింది" అన్న వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. కంచం ముందుకొస్తే పక్కకి జరిపింది.

"రూలు ప్రకారం సరిపోయిందన్నావుగా" అన్నాడు భర్త, కుట్టుమిషను ఆపి. "మా తమ్ముడికిది పెద్ద పని. నీ అనుమానంతో వాడి నోటికాడ కూడు తీసేస్తావా?"

"మీరొక చొక్కా కుట్టారు. పదహారు కుట్లు సమంగా ఉండి ఒక్కటి వదులైతే ఏం చేస్తారు?"

"విప్పుతాను. కానీ చొక్కా వేరు, గోడ వేరు" అని ఆయన మొహం తిప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున మరిదికి ఫోన్ చేసింది. "నేను సంతకం పెట్టను నాయనా. పెట్టలేను." అతను ఫోను పెట్టేశాడు. తనే తప్పు చేస్తోందేమో, నిజంగా తడేనేమో అన్న భయం అప్పుడు పట్టుకుంది. గంటసేపు వాకిట్లోకీ లోపలికీ తిరిగింది.

చివరికి అతనే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పకుండానే అన్నాడు. "జాయింటు ఉంది వదినా. వైరు మూరెడు తక్కువైంది. షాపు మూసేశారు, మేస్త్రీ తొందరపెట్టాడు. టేపు చుట్టి మూసేశాను."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"నీ ముందు... సిగ్గేసింది."

ఇద్దరూ కలిసి వెళ్లి ఆ గోడ కొట్టారు. టేపు తడిసి ఊడొస్తోంది. కింద రాగి మీద పచ్చగా చిలుం పట్టింది. మరిది పాత వైరు లాగేసి, బోర్డు నుంచి బోర్డు దాకా ఒకే వైరు వేశాడు. ముల్లు రెండొందలకి వెళ్లింది.

ఆవిడ ఫారంలో ఆ వాక్యం కొట్టేసి, "పని నా మరిది చేశాడు. పరీక్షించింది నేను. గోడ లోపల కళ్లారా చూసింది ఒక్క చోటే" అని రాసి కింద సంతకం పెట్టింది. ఇలాంటి కాగితం ఎప్పుడూ చూడలేదన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇంకో మనిషిని పంపి అన్నీ మళ్లీ పరీక్ష చేయించాడు. డేకేర్ ఎనిమిది రోజులు ఆలస్యంగా తెరిచారు. యజమానురాలు మండిపడి, పై అంతస్తు పని వేరేవాళ్లకి ఇచ్చేసింది.

మూడు వారాలు మరిది ఇంటి ఛాయలకి రాలేదు. భర్త కూడా ముక్తసరిగానే మాట్లాడాడు. ఆవిడ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు గానీ, ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది.

ఒకరోజు మధ్యాహ్నం మోగింది.

"వదినా, ఒక ఇంట్లో వైర్ల పైపులేశాను. గోడ ఇంకా మూయలేదు. వచ్చి చూస్తావా?"

ఫోను పెట్టేశాక భర్త అడిగాడు, "ఇప్పటికైనా నీ మనసు కుదుటపడిందా?"

"వెళ్లి చూస్తే గదా తెలిసేది" అంది ఆవిడ, చెప్పులు వేసుకుంటూ.