పిల్లనగ్రోవి ఊదని కాపరి

ఎనిమిదో తరగతిలో మాకు తెలుగు ఉపవాచకమని ఒక పుస్తకం ఇచ్చినారు. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండేది. అందులో ఒక గొర్రెల కాపరి ఉంటాడు. పొద్దస్తమానం చెట్టు కింద కూర్చొని పిల్లనగ్రోవి ఊదుకుంటా ఉంటాడు. మా నాయనా గొర్రెల కాపరే. జమ్మలమడుగు చుట్టుపక్కల రైతులు ఎరువు కోసమని పిలిస్తే, వాళ్ల చేన్లలో మంద పెట్టేవాడు. ఎండాకాలమంతా ఇంటి మొగం చూసేవాడు కాదు. ఆయన కాళ్ల పగుళ్లలో వేలు దూరేది.

పరీక్షలో కాపరి జీవితం గురించి రాయమంటే నేను ఇదంతా రాసినా. సార్ సున్నా వేసి, క్లాసంతా వినేటట్టు, "పుస్తకంలో ఉండేది రాయల్ల, మీ ఇంట్లో ఉండేది కాదు" అన్నాడు.

"ఈ పుస్తకం రాసినాయప్ప ఎప్పుడన్నా గొర్రెలు కాసినాడా సార్?" అన్నా. చేతి మీద రెండు దెబ్బలు పడినాయి.

పెద్ద పరీక్షల్లో మళ్లా అదే ప్రశ్న వచ్చింది. కాపరి హాయిగా పిల్లనగ్రోవి ఊదుకుంటా బతుకుతాడని రాసినా. పదికి పది వచ్చినాయి. ఎండాకాలం అయిపోయినాక మా నాయన మంద కాడ నుంచి వచ్చి, "మా పాప శానా బాగా రాసిందంట" అని కనపడినోళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఏం రాసినానో ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.