బుధవారం బొంబాయి మీదుగా

పిచ్చేశ్వరరావుగారి గురించి మంచిగా నాలుగు మాటలు రాయమంటే రాయగలను. కానీ ఆయన బాగా అలసిపోయిన మనిషి అని ముందే చెప్పకపోతే ఆ మంచి ఎవరికీ అర్థం కాదు.

గుడివాడ బస్టాండుకి ఎదురుగా, మందుల షాపు పక్కనున్న మెట్లెక్కితే ఆయన టికెట్ల ఆఫీసు. అందులో నేను ఆరేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా నాన్నకి స్నేహితుడు కాబట్టి నాకు బాబాయ్‌గారు. మొవ్వ దగ్గర పల్లెటూరు వాళ్ళది. బీకాం చదివి, లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరి, తరవాత ప్రైవేటు బస్సుల టికెట్లు, ఆ తరవాత రైలు టికెట్లు, రెండువేల మూడు నుంచి విమానం టికెట్లు. వేలమందిని విమానం ఎక్కించారు గానీ ఆయన ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కాలని లేదా అని ఒకసారి అడిగాను. "ఎక్కితే కూర్చోడానికి సీటిస్తారుగా అమ్మాయ్, ఆ రెండు గంటలూ నిద్రపోవాలని ఉంది" అన్నారు.

మనుషులు టికెట్టు కోసం వస్తారనుకుంటాం. వాళ్ళు వచ్చేది నిర్ణయం కోసం. డైరెక్ట్ అయితే ఒకటే విమానం, దిగితే ఊరొచ్చినట్టే. కనెక్టింగ్ అయితే మధ్యలో ఇంకో ఊళ్ళో దిగి, ఇంకో విమానం పట్టుకోవాలి. ఇంతే కదా విషయం. దీనికి ఒక్కొక్కరూ గంటసేపు కూర్చునేవాళ్ళు. పెళ్ళి తేదీ మారిందనో, మీటింగు వాయిదా పడిందనో, పిల్లకి జ్వరమనో రావడం, పాత టికెట్టు బల్ల మీద పెట్టడం, చివరికి అందరూ ఒకే మాట అడగడం: "మీరైతే ఏదెక్కుతారండీ?" విమానం మొహం చూడని ఆ మనిషి, ఎక్కి దిగి విసిగిపోయినవాడిలా, "నేనైతే పొద్దున డైరెక్టే ఎక్కుతానండీ" అనేవారు. రోజుకి ముప్ఫైసార్లు. మూడు దాటాక పెరుగన్నం డబ్బా తెరిచేవారు. అప్పుడూ ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చేవాళ్ళు.

ఇప్పుడు చెప్పబోయేదానికి మొదలు రైసుమిల్లు గోవర్ధనరావుగారు. ఆయన ఓ మంగళవారం ఢిల్లీ వెళ్ళాల్సి వచ్చింది. హైదరాబాదు నుంచి ఢిల్లీకి డైరెక్టులో సీట్లు అయిపోయాయి. ఉన్నది బొంబాయి మీదుగా వెళ్ళే కనెక్టింగే. ఆయన దానికే మొహం చిట్లించుకుని, మళ్ళీ గోడ మీది కేలండర్ చూసి, "అసలు మంగళవారం ఉత్తరానికి బయల్దేరచ్చాండీ? వారశూల కదా" అన్నారు. వారశూల అంటే తెలిసిందేగా, ఫలానా వారం ఫలానా దిక్కుకి ప్రయాణం కూడదనడం. మంగళ, బుధవారాలు ఉత్తరానికి కూడదు.

బాబాయ్‌గారు ఆకలి మీదున్నారు. తల కూడా ఎత్తకుండా, "మీరు ఉత్తరానికి వెళ్తున్నారని ఎవరన్నారండీ? మీరెక్కేది బొంబాయి విమానం. బొంబాయి మనకి పడమర. అక్కడ దిగి వేరే విమానం ఎక్కితే అది వేరే ప్రయాణం. శూల అక్కడితో సరి" అన్నారు.

గోవర్ధనరావుగారి మొహం వెలిగిపోయింది. వెళ్ళారు, పని అయింది, వచ్చి ఊరంతా చెప్పారు. ఇంకేముంది! కైకలూరు నుంచి, అవనిగడ్డ నుంచి కూడా జనం ఈ ఉపాయం కోసమే రావడం మొదలెట్టారు. ఎవరూ ఎక్కని కనెక్టింగులు మా దగ్గర అడిగి మరీ ఎక్కేవాళ్ళు. నాకు నవ్వులాట. ఏ వారం ఏ దిక్కు కూడదో, ఆ రోజు డైరెక్ట్ బదులు ఏ ఊరి మీదుగా వెళ్ళాలో ఒక పట్టిక టైపు చేసి, ప్రింటు తీసి, కంప్యూటర్ వెనక గోడకి అంటించాను. బాబాయ్‌గారు చూసి, "నీకేం పనిలేదా" అన్నారు గానీ తీసెయ్యలేదు. తీసేస్తే మళ్ళీ అందరికీ నోటితో చెప్పుకోవాలని ఆయన బాధ.

రెండువేల ఆరు జూలైలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఆయన చెల్లెలు కనకదుర్గగారు బందరు నుంచి బస్సు దిగి, చేతిలో సంచితో మెట్లెక్కి వచ్చింది. ఆవిడ భర్త రాజబాబుగారిది పెడన కలంకారీ వ్యాపారం. దుప్పట్లు, చీరలు పట్టుకుని ఎగ్జిబిషన్‌కని ఢిల్లీ వెళ్ళి, స్టాల్లో కళ్ళు తిరిగి పడిపోయారు. తలలో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ శుక్రవారం అన్నారు. సోమవారం ఆ కబురు రాగానే ఆవిడ ఫోన్ చేసి, "మంగళ, బుధ వద్దు, గురువారం చెయ్యి అన్నయ్యా" అంటే గురువారం డైరెక్టుకి టికెట్టు చేశాం. శుక్రవారానికి ముందు ఒక సాయంత్రం ఆయన దగ్గరుంటుంది, చాలు అనుకున్నాం.

ఇప్పుడు అదంతా మారింది. ఢిల్లీలో రాజబాబుగారి పక్కనున్నది అద్దకం పనివాడు మాణిక్యం. పొద్దున్నే అతను ఫోన్ చేశాడట.

"ఆపరేషన్ గురువారం పొద్దున ఎనిమిదికేనంట అన్నయ్యా. ముందుకి జరిపారు. ప్రాణానికి భయం లేదంట. కానీ గడ్డ మాట వచ్చే చోట ఉందంట. ఆపరేషన్ అయ్యాక మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారంట. చెప్పుకోవాల్సినవేమన్నా ఉంటే ముందే చెప్పుకోమన్నారంట." అంతవరకూ గట్టిగానే చెప్పి, అప్పుడు ఏడ్చింది.

బాబాయ్‌గారు నా పక్కకొచ్చి స్క్రీన్ చూశారు. "ఈ రాత్రి బస్సుకి హైదరాబాదు వెళ్ళు. రేపు పదిన్నరకి డైరెక్ట్ ఉంది, రెండు సీట్లున్నాయి. పన్నెండున్నరకి ఢిల్లీలో దిగుతావు. మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా బావతో మాట్లాడుకోవచ్చు. మార్చమ్మా పూర్ణా" అన్నారు, చివరి మాట నాతో.

"రేపు బుధవారం కదా" అంది ఆవిడ.

"అయితే ఏమైంది?"

"నన్నడుగుతావేంటి? ఉత్తరానికి శూల కదా. గోడ మీద నువ్వే అంటించుకున్నావు."

అంటించింది నేను. ఆఫీసులో నలుగురైదుగురు కస్టమర్లు ఉన్నారు. ఖర్మకొద్దీ ముందు కుర్చీలో గోవర్ధనరావుగారే ఉన్నారు.

బాబాయ్‌గారు వాళ్ళందరి ముందే చెప్పేశారు. "అది ఉత్త మాట కనకం. ఆ రోజు డైరెక్టులో సీట్లు లేవు, ఈయన్ని ఒప్పించడానికి నోటికొచ్చింది చెప్పాను. దాంట్లో నిజం లేదు. నేను కల్పించాను."

ఆయన ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక్కరూ నమ్మలేదు. గోవర్ధనరావుగారు చిన్నగా నవ్వి, "అదేంటండీ పిచ్చేశ్వరరావుగారూ! నేను మూడుసార్లు అలా వెళ్ళొచ్చాను, మూడుసార్లూ పనైంది. చెల్లెమ్మా, నువ్వు ఏడుస్తుంటే చూడలేక అలా అంటున్నారు. ఆయన కంగారులో చెప్పింది వినకు, నిదానంగా ఉన్నప్పుడు చెప్పింది విను" అన్నారు. ఆయన్ని మెట్ల మీంచి తోసెయ్యాలనిపించింది నాకు.

"పోనీ, ఇంట్లోంచి బయల్దేరేది ఈ రాత్రి, హైదరాబాదుకి. అది పడమరే. శూల అక్కడితో తీరిపోయింది" అన్నారు బాబాయ్‌గారు, దారి మార్చి.

"బస్సు వేరు, విమానం వేరు, విమానం ఎక్కడమంటే మళ్ళీ బయల్దేరడమే అని మా తోడికోడలికి చెప్పింది నువ్వు కాదూ? నిన్నైనా తెలిసుంటే ఓ సంచి పక్కింట్లో ప్రస్థానం పెట్టి, నిన్నే బయల్దేరినట్టు అనుకునేదాన్ని. ఇవాళ కూడా శూలేనాయె."

"బొంబాయిలో వానలమ్మా! కింద టీకొట్టు టీవీలో పొద్దుట్నుంచీ అదే చూపిస్తున్నాడు. పోయినేడాది మనవాళ్ళు అక్కడ రెండు రోజులు ఇరుక్కుపోయారు."

"ఒకే టికెట్టయితే మొదటిది లేటయి రెండోది తప్పిపోయినా వాళ్ళే ఇంకో విమానంలో పంపుతారని చెబుతావుగా."

"పంపుతారు. ఎప్పుడు పంపుతారో చెప్పరు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. గొంతు తగ్గించి, "ఆయన మంగళవారం బయల్దేరారు అన్నయ్యా. వద్దని మొత్తుకున్నాను. శూలా లేదు గీలా లేదు, మీ అన్నయ్య బేరం కోసం చెప్పే కబుర్లవి అని నవ్వి రైలెక్కారు. ఏమైందో చూశావుగా. నేను కూడా అలాగే వెళ్ళి, ఆ కత్తి కింద ఆయనకి ఏమన్నా అయితే ఎవరిని అడగను?" అంది.

ఇంకా చాలాసేపు సాగింది. ఆయన చెప్పిన ప్రతిదానికీ ఆవిడ దగ్గర ఆయన మాటే ఒకటి ఉంది. ఫోన్ మోగుతోంది, వెనక ఎవరో తమ టికెట్టు సంగతి అడుగుతున్నారు, కరెంటు పోయేలా ఉంది. పెరుగన్నం డబ్బా అలాగే ఉంది. బాబాయ్‌గారు కుర్చీలో కూలబడి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నారు. తరవాత నావైపు చూడకుండా, "చెయ్యమ్మా. బొంబాయి మీదుగానే చెయ్యి" అన్నారు.

నేను చెయ్యకుండా ఉండాల్సింది. నెట్టు రావట్లేదనో, బొంబాయికి సీట్లు అయిపోయాయనో ఓ అబద్ధం ఆడితే సరిపోయేది. అప్పటిదాకా కస్టమర్లకి ఎన్ని చెప్పలేదు! ఆరోజు మాత్రం బుద్ధిగా టికెట్టు చేసి, ప్రింటు తీసి, ఆవిడ చేతికిచ్చాను. బాబాయ్‌గారు తన సెల్‌ఫోన్ కూడా ఆవిడకే ఇచ్చి బస్సెక్కించారు.

బుధవారం హైదరాబాదు విమానం బొంబాయి మీద చాలాసేపు తిరిగి తిరిగి దిగింది. ఢిల్లీ విమానం వాన వల్ల రద్దయింది. సాయంత్రం ఇంకోటి అన్నారు, అదీ వెళ్ళలేదు. మర్నాడు పొద్దున తొమ్మిదికి పంపుతామన్నారు. ఆవిడ ఎయిర్‌పోర్టు నుంచి ఆఫీసుకి ఫోన్ చేసిన ప్రతిసారీ బాబాయ్‌గారు, "ఏం కాదమ్మా, ఏం కాదు" అన్నారు. మాణిక్యం ఫోన్లో రాజబాబుగారితో మాట్లాడించాడట. "నీకో మాట చెప్పాలి. ఫోన్లో కాదు, నువ్వు రా, చెప్తాను" అన్నారట ఆయన. ఆవిడ చెప్పమని బతిమాలిందట. రాత్రి ఎనిమిదయ్యేసరికి, రేపు ఆపరేషన్ కదా అని ఆయన్ని లోపలి వార్డుకి మార్చి ఫోన్ తీసేసుకున్నారు. ఆవిడ ఆసుపత్రిలో అడుగుపెట్టింది గురువారం ఒంటిగంటకి.

బుధవారం డైరెక్ట్ విమానం ఎన్నింటికి దిగిందో నేను చూశాను. పన్నెండూ ముప్ఫై అయిదుకి. బాబాయ్‌గారికి చెప్పలేదు, ఆయన అడగలేదు. కానీ నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి కంప్యూటర్ ముందు ఆయన కళ్ళజోడు ఉంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ప్రాణం నిలబడింది. మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది కాబట్టి రాయడమూ లేదు. చెప్పింది మాత్రం అన్నీ అర్థమవుతాయి. నెల తరవాత బందరు తీసుకొచ్చారు.

గోడ మీది పట్టిక నేనే చింపేశాను. బాబాయ్‌గారు వచ్చిన ప్రతివాళ్ళకీ అదంతా అబద్ధమని చెప్పడం మొదలెట్టారు. ఎవరూ వినలేదు. "ఊరుకోండి, మీ సొంత చెల్లెల్ని బుధవారం పంపాల్సి వస్తే బొంబాయి మీదుగానే పంపారటగా!" అని నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకి చెప్పడం మానేశారు. "మీరైతే ఏదెక్కుతారండీ" అని అడిగితే మాత్రం, "నేనెప్పుడూ విమానం ఎక్కలేదండీ" అనేవారు. అది కూడా హాస్యమే అనుకునేవాళ్ళు.

ప్రతి ఆదివారం ఆయన బందరు వెళ్ళి బావగారి దగ్గర కూర్చుని వచ్చేవారు. ఓసారి నేనూ వెళ్ళాను. రాజబాబుగారు కిటికీ పక్కన మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. బాబాయ్‌గారు పేపరు చదివి వినిపిస్తున్నారు. కనకదుర్గగారు మాకు కాఫీ తెచ్చి, నా పక్కన కూర్చుంది. మనిషి చిక్కిపోయింది గానీ మొహం తేటగా ఉంది.

"ఈ పిల్లేగా ఆరోజు టికెట్టు చేసింది" అని నా చెయ్యి పట్టుకుంది. తరవాత అన్నగారి వైపు తిరిగి, "నీకెప్పుడూ చెప్పలేదు అన్నయ్యా. ఆరోజు నువ్వు ఎంత వద్దన్నా చివరికి నా మాట విని ఆ దారిన పంపావు చూడు, అందుకే ఈయన ప్రాణం దక్కింది. లేటయితే అయింది. మాట పోతే పోయింది, మనిషి ఉన్నాడు. నీ రుణం ఎలా తీర్చుకోను?" అంది.

పేపరు చదవడం ఆగిపోయింది. మంచం మీద రాజబాబుగారి ఎడమచెయ్యి లేచి, మంచం పట్టె మీద గట్టిగా కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఆయన తల అటూ ఇటూ ఊపుతున్నారు, నోరు తెరుస్తున్నారు, గొంతులోంచి ఏదో శబ్దం వస్తోంది. కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి.

"మంచినీళ్ళా? తెస్తున్నా, తెస్తున్నా" అంటూ ఆవిడ లోపలికి పరిగెత్తింది.

బాబాయ్‌గారు పేపరు పక్కన పెట్టి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. "నాకు తెలుసు బావా" అన్నారు. "చెప్పాను. నమ్మదు."

ఆవిడ గ్లాసు తెచ్చి నోటికి అందించింది. రాజబాబుగారు మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నారు. "ఇదిగో, ఇలాగే, అడుగుతారు, తాగరు" అని ఆవిడ గ్లాసు పట్టుకుని నిలబడింది.

"ఇటివ్వమ్మా" అని బాబాయ్‌గారు ఆ గ్లాసు అందుకుని, నీళ్ళన్నీ తనే తాగేశారు.